ముప్పై నాలుగో ఆట పక్కన ప్లస్

1988 నవంబరు 20, ఆదివారం. ఆ పొద్దున మెర్ల్ కోజ్లిక్ తిన్నది రెండు స్టేకు ముక్కలు, నాలుగు గుడ్లు, బంగాళాదుంపల వేపుడు. కుడిచేతి బొటనవేలు విరిగి ఉండడంతో అతనికి మాంసం కోసిపెట్టినవాడు పక్కన కూర్చున్న హార్లన్. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ముందు వరసలో ఇద్దరూ పక్కపక్కనే ఆడేవాళ్ళు. హార్లన్ చూపిన ఆ చిన్న దయను మెర్ల్ ఎన్నడూ మరిచిపోలేదు. ఆ మధ్యాహ్నం తను చేసింది కూడా మరిచిపోలేదు.

ఇరవై ఏడేళ్ళు దాటాయి. మార్చి సాయంత్రం. ఈరీ సరస్సు మీద మంచు అంచుల్లో విరగడం మొదలైంది. మెర్ల్ వాకిట్లో బూట్లు దులుపుకొని ఓడెల్ ప్రూయిట్ ఇంట్లోకి వెళ్ళాడు. రేపు తెల్లారకముందే ఓడెల్‌ను తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మూడోసారి పెట్టిన కృత్రిమ మోకాలికి కూడా చీము పట్టింది. ఎడమకాలు తొడ దగ్గర తీసేస్తారు.

"రా పొట్టోడా, రా," అన్నాడు వాలుకుర్చీలోంచి ఓడెల్. "నీ వార్తే చెబుతున్నారు."

టీవీలో చెబుతున్నది జట్ల యజమానుల ఓటింగు గురించి. ఒకడు ఎదుటివాడి ఛాతీని పట్టి నిలబెట్టి ఉండగా రెండోవాడు వాడి కాళ్ళ మీద పడడాన్ని వచ్చే సీజను నుంచి పూర్తిగా నిషేధించారు. బంతి విసరకుండా పట్టుకుని పరిగెత్తే పరుగు ఆటలో ఇన్నాళ్ళూ మిగిలిన కాస్త సందు కూడా మూసేశారు.

"నా మోకాలు ఈ ఓటు ఎప్పుడో వేసింది," అన్నాడు ఓడెల్. "లెక్కలోకి తీసుకోవడానికే ఇంతకాలం పట్టింది వాళ్ళకి."

వంటింట్లోంచి అతని భార్య వెర్లీన్ నవ్వింది. చిక్కుడు గింజలూ పంది మాంసమూ ఉడుకుతున్న వాసన వస్తోంది. మెర్ల్ నవ్వలేకపోయాడు.

ఎదుటి జట్టులో ఆడుతున్న ఓడెల్ మోకాలి మీద మెర్ల్ అలాగే పడిన ఆ 1988 నాటి దెబ్బ తరవాత వాళ్ళిద్దరూ పదిహేనేళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు. పింఛను కాగితాల కోసం వచ్చిన పాత ఆటగాళ్ళ గుంపులో ఓడెల్ కర్ర పొడుచుకుంటూ వచ్చి, "నువ్వు చేసింది రూలు ప్రకారమే కదరా, ఎందుకట్లా మొహం దాచుకుంటావ్," అన్నాడు. ఆ మాట మీదే స్నేహం నిలబడింది. మంచులో బొరియ తవ్వి ఇద్దరూ చేపలు పట్టారు. మెర్ల్ భార్య డొరీన్ పోయినప్పుడు రెండు చంక కర్రల మీద శ్మశానం గట్టెక్కి వచ్చినవాడు ఓడెల్.

"ఓడెల్, నీకో మాట చెప్పాలి."

"చెప్పు. రేపట్నుంచి ఒంటికాలి మీద వినాలి. ఇవాళైతే రెండు కాళ్ళ మీద వింటా."

మెర్ల్ సోఫా అంచున కూర్చున్నాడు. "ఆవేళ మేం వేసుకున్నది పరుగు ఆట. హార్లన్ నిన్ను పైన పట్టుకోవాలి, నేను కింద పడాలి. పరుగు ఆటలో అప్పటికి అది చెల్లేది."

"చెల్లేది. తెలుసు."

"బంతి కదలకముందు మా ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ ఆట మార్చాడు. పరుగు కాదు, బంతి విసురుతా, పాస్ అని అరిచాడు. పాస్ ఆటలో అది అప్పటికే తప్పు."

ఓడెల్ టీవీ శబ్దం తగ్గించాడు. "జనం గోల. నీకు వినబడి ఉండదు."

ఆ దారి ఓడెల్ తెరిచి పెట్టాడు. ఔనంటే చాలు. మెర్ల్ తన వంకర బొటనవేలి వంక చూసుకున్నాడు.

"వినబడింది," అన్నాడు. "ఈ వేలితో నిన్ను నిలబడి ఆపలేననుకున్నా. వీగిపోతానని భయం. అందుకే పడ్డా. రిఫరీ చూడలేదు."

ఆ మర్నాడు, సోమవారం, కోచ్ ఆ ఆట తీసిన రీలును మూడుసార్లు వెనక్కి తిప్పి చూపించాడు. ఆట ఆటకీ మార్కు వేసే కాగితంలో ముప్పై నాలుగో ఆట పక్కన ప్లస్ పెట్టాడు. గదిలో అందరూ బల్లలు చరిచారు. ఆ కాగితం మెర్ల్ సొరుగులో ఇంకా ఉంది. ఇదేమిటని డొరీన్ ఒకసారి అడిగితే, మంచి మార్కు అని చెప్పాడు.

ఓడెల్ టీవీ కట్టేశాడు.

"ఎందుకు చెప్పావ్?" అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాడు మెర్ల్.

"మోయలేకపోయా."

"ఇన్నేళ్ళు మోశావు కదా. ఇంకో రోజు మోయలేకపోయావా? రేపు దీన్ని కోసేస్తుంటే నేనేం అనుకోవాలి? ఎవరి తప్పూ కాదు, ఆటే అంత అనుకుంటూ పడుకునేవాణ్ణి. అదొక్కటే ఉండేది నాకు. అది కూడా పట్టుకుపోయావు."

"నన్ను తిట్టు."

"తిడితే నీకు హాయిగా ఉంటుంది. తిట్టను." ఓడెల్ గోడవైపు తల తిప్పుకున్నాడు. "ఇక వెళ్ళు."

మెర్ల్ లేచాడు.

"ఆగు. ఈ కాలు దిండు మీదకి ఎత్తి వెళ్ళు. వెర్లీన్‌కి నడుం పట్టేసింది."

మెర్ల్ వంగి, ఒక చెయ్యి మడమ కింద, ఒక చెయ్యి మోకాలి కింద పెట్టి ఎత్తాడు. కట్టులోంచి కూడా పొయ్యి మీది గిన్నెలా కాలుతోంది. దిండు మీద పెట్టి, పక్కకు ఒరగకుండా తువ్వాలు మడిచి ఆనించాడు. ఓడెల్ పళ్ళు బిగించి భరించాడు. మెర్ల్ వైపు చూడలేదు.

వెర్లీన్ మూతపెట్టిన గిన్నె ఒకటి చేతికిచ్చి గుమ్మందాకా వచ్చింది. "తినకుండా పోతున్నారేంటి? పొద్దున ఐదున్నరకల్లా వచ్చేస్తారుగా? మీరు పక్కనుంటే ధైర్యంగా ఉంటుందని నిన్నంతా అదే మాట ఆయనది."

మెర్ల్ గిన్నెను రెండు చేతులా పట్టుకున్నాడు.

"టాక్సీకి చెప్పు వెర్లీన్," అన్నాడు లోపలినుంచి ఓడెల్. "తలుపెయ్యి. చలి వస్తోంది."

ఆమె లోపలికి చూసింది, బయటికి చూసింది. ఏమీ అర్థం కాలేదు. మెర్ల్ మెట్లు దిగేదాకా వాకిట్లో దీపం ఆర్పకుండా ఉంచి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.