ముందు తలుపు మెట్లు

చీటీ నా కూతురి పేరున వచ్చిందని చెప్పడానికి ఆస్పత్రి సూపరింటెండెంటు స్వయంగా మా ఇంటికి వచ్చాడు. నాకు అప్పుడే నచ్చలేదు. ఆ కబురు చెప్పడానికి ప్యూను చాలు.

ఏటా స్వాతంత్ర్య దినం నాడు ఆస్పత్రి ఎదురుగా ఉన్న మైదానంలో తొలి ప్రసంగం చదువుతారు. దేశం విడుదలైన పొద్దున మహానాయకుడు అక్కడ నిలబడే మాట్లాడాడు. ఇప్పుడు ఆ మాటలు చదివేది నాయకులు కాదు, పనివాళ్లు. పేర్లు డబ్బాలో వేసి ఒకటి తీస్తారు. నిరుడు దర్జీ చదివాడు. మహానాయకుడు దగ్గిన చోట తనూ దగ్గాడు. జనం దానికి కూడా చప్పట్లు కొట్టారు.

నాకు ఆ ప్రసంగం కంఠతా వచ్చు. పల్లె బడిలో బట్టీ పట్టించారు. తప్పితే బెత్తం. స్వేచ్ఛ గురించి నేను నేర్చుకున్నది అలాగే.

"ఈ దేశంలో ఇక పెద్దలకు ఒక తలుపు, పనివాళ్లకు ఒక తలుపు ఉండవు. ఉండేది ఒకే తలుపు. అందరం అందులోంచే నడుస్తాం."

ఈ వాక్యం దగ్గర కొట్టే చప్పట్లు ఆస్పత్రి వెనక ఉన్న లాండ్రీ దాకా వినిపిస్తాయి. నేను అక్కడ బాయిలర్ చూసేవాణ్ణి. నా భార్య దుప్పట్లు ఉతికేది. లాండ్రీ వాళ్లం వెనక తలుపు నుంచి వెళ్లాలి. ఆమెకు ఊపిరాడని రోజున కూడా ఆ తలుపు నుంచే మోసుకెళ్లాను. కాంట్రాక్టు మనిషికి మంచం ఇవ్వడానికి రూలు లేదన్నారు. తను ఉతికిన దుప్పట్లు పరిచిన మంచాల పక్కన, నేల మీద పోయింది.

ఇప్పుడు నా కూతురు అదే తొట్టి దగ్గర పని చేస్తోంది. ఈసారి లాండ్రీ ఆడవాళ్లంతా ఒకటి అనుకున్నారు. ప్రసంగం చదవడం అవగానే, ఊరంతా చూస్తుండగా, ఆస్పత్రి ముందు మెట్ల మీద కూర్చోవాలి. మాకు జబ్బు చేస్తే మాకూ మంచం ఇవ్వండి, అప్పుడే లేస్తాం అనాలి. ఆ మాట మొదట అన్నది నా కూతురే.

సరిగ్గా ఆమె పేరే డబ్బాలోంచి వచ్చింది.

"అదృష్టం పెద్దాయనా" అన్నాడు సూపరింటెండెంటు.

"డబ్బాలో ఇంకెవరి పేర్లు ఉన్నాయండీ?"

"ఊరందరివీ."

"ఊరందరిలో మాదే దొరికిందా!"

"నీకు వెటకారం ఎక్కువయ్యా" అని నవ్వాడు. గుమ్మం దాటుతూ నా కూతురితో, "చదవడం అయ్యాక ఆఫీసుకి రా తల్లీ. నీ ఉద్యోగం పర్మనెంట్ చేసే సంగతి మాట్లాడదాం" అన్నాడు.

"సరేనండి" అంది ఆమె.

అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి అడిగాను. "సరేనన్నావేం?"

"చదవమన్నారు. చదువుతాను."

"అది చెప్పడానికి ఇంటిదాకా వచ్చాడా?"

"వస్తే ఏమైంది నాన్నా? కాసేపు బల్ల మీద కూర్చుని వెళ్లాడు. బల్ల పట్టుకుపోలేదుగా."

"మరి పర్మనెంట్ సంగతో?"

"అన్నాడు, విన్నాను. అతని మొహం మీదే వద్దని రచ్చ చేసి, మనం అనుకున్నదంతా బయట పెట్టుకోనా?"

జవాబు తడుముకోకుండా వచ్చింది. అలా వచ్చే జవాబు ముందే తయారై ఉంటుంది.

చదవడానికి ముందురోజు మందుల చీటీ పట్టుకుని ఆస్పత్రి ముందు వరసలో నిలబడ్డాను. నా కూతురు ముందు తలుపులోంచి బయటికి వచ్చింది. లాండ్రీ మనిషి ఆ తలుపులోంచి రావడం నేనెప్పుడూ చూడలేదు. పక్కన సూపరింటెండెంటు గుమాస్తా. అతను మెట్ల కుడి వైపు చెయ్యి చూపించి ఏదో అన్నాడు. ఆమె తలూపింది. అతను ఇంకేదో అంటే నవ్వింది. నేను స్తంభం చాటుకు తప్పుకున్నాను.

ఇంటికి వచ్చాక, "ఎక్కణ్ణుంచి?" అని అడిగాను.

"పని నుంచి."

అంతే చెప్పింది. గుమాస్తా ఊసు లేదు. పెట్టె తీసి తెల్ల చీర ఒకటి ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది.

"కొత్త చీరా? ఎవరిచ్చారు?"

ఆమె ఇస్త్రీ ఆపి నా మొహంలోకి చూసింది. "అమ్మది."

నేను పోల్చుకోలేదు. అలాంటి చీర ఇంకోటి కూడా ఉండవచ్చు అనుకున్నాను.

పొద్దు వాలకముందే పెద్దక్క ఇంటికి వెళ్లాను. లాండ్రీలో అందరికన్నా పాత మనిషి. ఆమె ఎటంటే మిగతావాళ్లు అటు. గడప మీద కూర్చుని వంకాయలు తరుగుతోంది.

"ఏంటన్నా, దారి తప్పావా?"

"రేపు నా కూతుర్ని నమ్మకండి."

కత్తి ఆగింది. "తాగొచ్చావా?"

"ఆ అలవాటే ఉంటే నలుగురితో మంచిగా ఉండేవాణ్ణి."

చీటీ సంగతి, పర్మనెంట్ సంగతి, గుమాస్తా సంగతి చెప్పాను. మెట్ల దగ్గర పోలీసులను పెడతారు, వచ్చినవాళ్లను వచ్చినట్టు పనిలోంచి తీసేస్తారు, ఈమెకు మాత్రం ఉద్యోగం ఖాయం చేస్తారు, అన్నాను. పెద్దక్క వంకాయలు పక్కకు నెట్టింది.

"నీ నోట ఒక్కరి గురించైనా మంచి మాట విన్న పాపాన పోలేదు" అంది. "ఆ పిల్లనే పిలిచి అడుగుదామంటే, నిజంగా అమ్ముడుపోయి ఉంటే మా గుట్టు వాళ్లకి చేరిపోతుంది. కన్నవాడివి, నువ్వే అంటున్నావు. ఇంకెవర్ని అడగను?"

దుప్పట్లకు సెలవు లేదు కాబట్టి స్వాతంత్ర్య దినమైనా లాండ్రీ నడుస్తుంది. అందరూ పనిలోనే ఉండిపోవాలని, నా కూతురికి ఆ ముక్క చెప్పకూడదని పెద్దక్క ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చింది.

మర్నాడు మైదానంలో తాడు పక్కన నిలబడ్డాను. నా కూతురు తల్లి చీర కట్టుకుని చదివింది. ఎక్కడా దగ్గలేదు. ఒకే తలుపు అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో సూపరింటెండెంటు అందరికన్నా గట్టిగా కొట్టాడు. చప్పట్లు ఆగేదాకా ఆమె కాగితం వైపే చూస్తూ నిలబడి, మిగతాది చదివి, వేదిక దిగింది.

సూపరింటెండెంటు ఆఫీసు వైపు చెయ్యి చూపించి రమ్మన్నాడు. ఆమె అతన్ని దాటి రోడ్డు దాటింది. ఆస్పత్రి మెట్ల మీద ఎడమ వైపు, గోడకు ఆనుకుని కూర్చుంది. కుడి వైపు ఖాళీగా వదిలేసింది. అప్పుడే అటునుంచి ఇద్దరు మనుషులు స్ట్రెచర్ మోసుకుంటూ లోపలికి వెళ్లారు. గుమాస్తా నిన్న చెయ్యి చూపించింది ఎందుకో తెలిసింది. రోగులను మోసుకెళ్లే దారి ఏదో ఆమె అడిగి ఉంటుంది.

ఆమె లాండ్రీ సందు వైపు చూసింది. ఎవరూ రాలేదు. మళ్లీ చూసింది.

"ఎండకు కళ్లు తిరిగినట్టున్నాయి" అన్నారు ఎవరో.

సూపరింటెండెంటు వచ్చాడు. "ఏంటమ్మా ఇది? లోపలికి రా."

"లోపలికి రావడానికే కూర్చున్నానండి. మా వాళ్లకు జబ్బు చేస్తే మంచం ఇస్తామనండి, లేస్తాను."

"మీ వాళ్లెవరు? ఒక్కదానివే ఉన్నావు."

ఆమె సందు వైపు చూసింది. తర్వాత తాడు పక్కనున్న నన్ను చూసింది. ఏం చూసిందో నా మొహంలో.

"నాన్నా, పెద్దక్కకి ఏం చెప్పావు?"

"చూసింది చెప్పాను."

"ఏం చూశావు?"

నేను సందులోకి నడిచాను.

లాండ్రీలో అన్ని తొట్లూ నడుస్తున్నాయి. ఆవిరిలో మనిషికి మనిషి సరిగా కనపడటం లేదు. పెద్దక్క దగ్గరికి వెళ్లి, "అది మెట్ల మీద ఒక్కతే కూర్చుంది. రండి" అన్నాను.

ఆమె దుప్పటి పిండుతూనే ఉంది. "నిన్న అమ్ముడుపోయింది అన్నావు. ఇవాళ లేదంటున్నావు. ఈలోపల నిన్నెవరు కొన్నారన్నా?"

పక్క తొట్టి దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

"నీ కళ్లతో చూసుకో" అన్నాను.

"చూసుకుంటాను. ఇక నీ కళ్లతో చూసేది లేదు."

చేతులు తుడుచుకోకుండానే సందులోకి వెళ్లింది. మిగతావాళ్లు పని ఆపలేదు. ఆమె తిరిగి వచ్చి మూలనున్న చెప్పులు వేసుకుంది.

"పదండి."

"దుప్పట్లు నీళ్లలో ఉన్నాయక్కా" అంది ఒకామె.

"నాననీ."

ఒకరి వెనక ఒకరు బయటికి నడిచారు. నేనూ కదిలాను. పెద్దక్క గుమ్మంలో ఆగి, "నువ్వు రాకు" అంది. "నువ్వు పక్కనుంటే మాకు మేమే అనుమానంగా కనిపిస్తాం."

రోడ్డు దాటి వచ్చి ఇవతల, మైదానం వైపు నిలబడ్డాను. ఎడమ వైపు మెట్లు నిండిపోయాయి. పెద్దక్క నా కూతురి పక్కన కూర్చుని చెవిలో ఏదో చెప్పింది. ఆమె వింది, తలూపలేదు. మైదానంలో జనం ఇళ్లకు వెళ్లకుండా చూస్తున్నారు. సూపరింటెండెంటు వాళ్లకు మంచినీళ్లు పంపించాడు. ఆ నీళ్లు ఎవరు తెచ్చారో, ఎక్కడ పట్టారో చూశాను. తర్వాత అతను ఫోను చేయడానికి లోపలికి వెళ్లాడు. పోలీసులకో, పైవాళ్లకో.

ఎండ తగ్గాక బయటికి వచ్చాడు. రేపటి నుంచి లాండ్రీ వాళ్లకూ మంచాలు ఇస్తాం, ఇక లేవండి అన్నాడు. మైదానంలో చప్పట్లు మోగాయి.

"రాసివ్వండి" అంది నా కూతురు.

"నా మాట మీద నమ్మకం లేదా తల్లీ?"

"లేదండి."

అతను మళ్లీ లోపలికి వెళ్లాడు. మెట్ల మీద నుంచి ఒక్కరూ లేవలేదు. నా కూతురు రోడ్డుకు ఇవతల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.