కొంగలు వాడుకోని టైమవుట్లు

ఆట ఉన్న ఆదివారం పొద్దున్నే శశికళ పెరుగన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, రెండు జతల సాక్సులు తొడుక్కుని, ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ మెట్లు దిగుతుంది. కింద భీమశంకరం గారు వ్యాన్ స్టార్ట్ చేసి ఉంచుతారు. గంటంబావు డ్రైవ్ చేస్తే స్టేడియం. అక్కడ సెక్షన్ నూట ఇరవై ఎనిమిది వెనకున్న స్టాండ్‌లో తెలుగు బడి వాలంటీర్లు హాట్‌డాగ్‌లు అమ్ముతారు. అందులో వాటాతోనే బడి నడుస్తుంది. కోడిగుడ్డు కూడా ముట్టని శశికళ నాలుగేళ్లుగా గ్లవ్స్ మీద గ్లవ్స్ వేసుకుని, ఊపిరి బిగబట్టి, రోజుకి ఆరేడు వందల హాట్‌డాగ్‌లు బన్నుల్లో పెడుతోంది. ఇంటికొచ్చి తలకి పోసుకుంటేగానీ వంటింట్లో అడుగుపెట్టదు. పిల్లలకి అఆలు నేర్పడానికి ఇంత అవస్థా అంటే, మరి అంతే.

టీమ్ పేరు హెరాన్స్. అంటే కొంగలే. ఈ ఏడు కొంగలు ఆడినవి పదిహేను, ఓడినవి పదిహేను. జనం చివరిదాకా కూర్చోవడం మానేశారు. వచ్చేవాళ్లు కూడా ఆవలిస్తూ వచ్చి, నాచోస్ తిని, చలికి ముక్కు తుడుచుకుంటూ వెళ్లిపోతారు. నమ్మకం ఉన్న మనిషి భీమశంకరం గారొక్కరే. అరవై రెండేళ్ల ఆ పెద్దమనిషి మావాళ్లు ఒక్కటి గెలిచేదాకా జెర్సీ ఉతకనని సెప్టెంబర్‌లో ఒట్టు పెట్టుకున్నారు. డిసెంబర్‌కల్లా స్టాండ్‌లో ఆడవాళ్లంతా ఆయనకి నాలుగడుగుల దూరంలో నిలబడుతున్నారు.

ఓడే టీమ్ వల్ల ఒక లాభం లేకపోలేదు. బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఇక్కడి ఫుట్‌బాల్‌లో గడియారం ఆపుకోమని కోచ్‌కి సగం ఆటకి మూడు టైమవుట్లు ఇస్తారు. గెలుపు మీద ఆశ ఉన్నవాడు మూడూ వాడేస్తాడు. ముప్ఫై పాయింట్లు వెనకబడ్డవాడు గడియారం ఆపి ఏం చేసుకుంటాడు? త్వరగా అయిపోతే ఇంటికి పోదామని చూస్తాడు. అలా మిగిలిపోయినవి ఆట అవగానే కోచ్ కాళ్ల దగ్గర గడ్డిలో రాలతాయి. చిక్కీ ముక్కంత ఉంటాయి, పసుప్పచ్చగా, కాస్త వెచ్చగా. ఊడ్చేవాళ్లు వాటిని ఏరి, బెంచీ వెనకే ఉన్న స్టాండ్ కదా అని తెలుగు బడివాళ్ల చేతిలో పెట్టిపోతారు. గుప్పెట్లో పట్టుకుని ఏ గడువు ఆగాలో చెబితే అదొక్కటీ ఒక రోజు ఆగుతుంది. మిగతా లోకం దాని పాటికది నడుస్తుంది. వారం దాటితే మెత్తబడి దేనికీ పనికిరావు.

కొంగలు బాగా ఆడిన రోజుల్లో ఏడాదికి ఒకటో రెండో దొరికేవి. ఈ ఏడు ప్రతి ఆటకీ మూడేసి వచ్చిపడ్డాయి. వాలంటీర్లలో రేణు ఒకదాంతో దోసెల పిండి పులవకుండా ఆపింది. శ్రీవిద్య లైబ్రరీ పుస్తకాలకి వాడింది. అక్టోబర్‌లో శశికళ వంతుకి వచ్చిన మూడూ రిటర్న్ డేట్ దాటిపోతున్న మిక్సీకే పోయాయి. మూడు రోజులు వెతికినా బిల్లు దొరకలేదు. ఆ మిక్సీ ఇప్పటికీ గట్టు మీదే ఉంది. అవి ఎలాగూ ఇప్పటిదాకా నిలవవని తెలిసినా, డిసెంబర్ మధ్య నుంచి దాన్ని చూసినప్పుడల్లా శశికళ మొహం తిప్పుకుంటోంది.

ఎందుకంటే డిసెంబర్ మధ్యలో, గ్రీన్ కార్డ్ ఎవరి వంతు ఎప్పుడో చెప్పే వీసా బులెటిన్ వచ్చింది. శశికళ, భర్త ఉదయ్ రెండేళ్ల కొడుకు హర్షిత్‌ని చంకనేసుకుని ఈ దేశం వచ్చి పద్దెనిమిదేళ్లు. గ్రీన్ కార్డ్ లైన్ కదిలీ కదిలీ చివరికి జనవరి ఒకటిన వాళ్ల దగ్గరికి వస్తుందట. ఆ రోజుకి పిల్లాడికి ఇరవై ఒకటి నిండకుండా ఉంటే వాడికీ వస్తుంది. హర్షిత్‌కి డిసెంబర్ ముప్ఫైన నిండుతుంది. నిండితే అమ్మానాన్నలకి కార్డ్, వాడికి లైన్‌లో చిట్టచివరి చోటు, ఈలోగా దేశం వదలాల్సిన గతి.

"రెండ్రోజులు శశీ," అన్నాడు ఉదయ్ లాయర్ ఫోన్ పెట్టేశాక. "ఇన్నేళ్లు నిలబడి రెండ్రోజుల్లో పోయింది." ఆ తర్వాత ఆఫీస్‌కి వెళ్తున్నాడు, వస్తున్నాడు, సోఫాలో కూర్చుంటున్నాడు.

"ఇట్స్ ఓకే అమ్మా, నువ్వు ఏడవకు," అన్నాడు హర్షిత్. మళ్లీ వాడే అడిగాడు. "హైదరాబాద్‌లో బస్ ఎక్కాలంటే తెలుగు చదవడం రావాలా?"

వాడికి తెలుగు చదవడం రాదు. శశికళ ఊళ్లో పిల్లలందరికీ నేర్పించింది గానీ వీడిని కూర్చోబెట్టి నేర్పలేకపోయింది.

ముప్ఫై, ముప్ఫై ఒకటి, ఒకటి. మూడు రోజులు వాడి వయసు ఆగితే చాలు. మూడు టైమవుట్లు. డిసెంబర్ ఇరవై ఎనిమిదిన సొంత స్టేడియంలో ఆఖరి ఆట ఉంది. కొంగలు ఎలాగూ ఓడతాయి, మూడూ ఎలాగూ మిగుల్తాయి, అప్పుడు తోటి వాలంటీర్లని అడుగుదామని శశికళ ఎవరికీ చెప్పకుండా వచ్చి నిలబడింది.

ఏం మాయరోగమో, కొంగలు ఆ రోజే ఆడటం మొదలుపెట్టాయి. ఆఖరిదైన నాలుగో క్వార్టర్‌కి రెండంటే రెండే పాయింట్లు వెనక. జనం లేచి నిలబడ్డారు. హాట్‌డాగ్‌ల దగ్గరికి వచ్చేవాడు లేడు. భీమశంకరం గారు కౌంటర్ మీది టీవీ ముందు చిన్నపిల్లాడై గెంతుతున్నారు.

"చూశావా అమ్మా శశీ! బంతి వాళ్ల దగ్గరుంది, టైమ్ అంతా దొర్లించేద్దామని చూస్తారు. మన కోచ్ చేతిలో మూడు టైమవుట్లూ ఉన్నాయి. వరసగా మూడూ వాడి గడియారం ఆపాడనుకో, బంతి మనకొస్తుంది. ఒక్క కిక్కు కొడితే గెలిచేసినట్టే!"

శశికళ పట్టకారు కింద పెట్టేసి బన్నుల పెట్టె మీద కూలబడింది. "బాబాయ్ గారూ, అవి నాకు కావాలండీ," అంది. ఏడుపు ఆపుకుంటూనే సంగతంతా చెప్పేసింది.

ఆయన గెంతడం ఆపేశారు. టీవీ వైపు చూశారు. "ముప్ఫై ఏళ్ల నుంచి చూస్తున్నానమ్మా వీళ్లని. ఒక్కటి గెలిస్తే చాలనుకున్నాను."

"వద్దు లెండి బాబాయ్ గారూ. ఉండబట్టలేక అన్నాను."

"నువ్వూరుకో. ఆటలో రెండు నిమిషాలే ఉన్నాయని బ్రేక్ ఇస్తారిప్పుడు. ఒక హాట్‌డాగ్ కట్టు. మస్టర్డ్ వెయ్యి."

ఆమె చుట్టి ఇచ్చిన కాగితం మీద ఆయన మార్కర్‌తో ఇంగ్లిష్‌లో రాశారు: 'కోచ్ సార్, మూడూ ఉంచండి. మా అబ్బాయికి మంగళవారం ఇరవై ఒకటి నిండుతుంది. వీసా సంగతి.'

స్టేడియంలో ఒక పద్ధతి ఉంది. దూరంగా కూర్చున్నవాడికి తినేదేదన్నా అందాలంటే చేతులు మారుస్తూ పంపిస్తారు. మధ్యలో ఎవడూ కొరకడు, విప్పి చూడడు. భీమశంకరం గారు పైవరసలో ఉన్నవాడికి దాన్ని అందించి, "కోచ్‌కి," అన్నారు. కోచ్‌కట, కోచ్‌కట అనుకుంటూ నలభై వరసలు దాన్ని కిందికి దించాయి. ముఖానికి నీలం రంగు పూసుకున్నవాడు కూడా ఎంతో జాగ్రత్తగా అందించాడు. ఆఖరి వరసలో ఓ ముసలమ్మ వంగి బెంచీ దగ్గరున్న మనిషికిచ్చింది.

టీవీలో కోచ్ కనిపించాడు. ఈ ఆటతో ఉద్యోగం ఊడుతుందని ఊరందరికీ తెలుసు, అతనికీ తెలుసు. నాలుగు నెలలుగా నిద్రలేని మొహం. కాగితం విప్పి చదివాడు, ఇంకోసారి చదివాడు. వెనక్కి తిరిగి మెట్ల పైకి చూశాడు. అంత దూరం నుంచి ఎవరు కనపడతారు గనక?

ఆట మళ్లీ మొదలైంది. గడియారం నడుస్తోంది. "టైమవుట్! టైమవుట్!" అని వేల గొంతులు. ఆటగాళ్లు అతని వైపు తిరిగి చేతులు ఊపుతున్నారు. కోచ్ హాట్‌డాగ్ కొరికాడు. నెమ్మదిగా, గడియారం వైపు చూస్తూ మొత్తం తిన్నాడు. గడియారం సున్నాకి వచ్చింది, ఆట పోయింది. భీమశంకరం గారు టీవీ కట్టేసి, కౌంటర్ తుడవడానికి గుడ్డ తీసుకున్నారు.

పావుగంటకి ఊడ్చే మనిషి వచ్చి మూడు పసుప్పచ్చ ముక్కలు శశికళ చేతిలో పోశాడు. వెచ్చగా ఉన్నాయి.

మర్నాడు కోచ్‌ని తీసేశారు. టైమవుట్ ఎందుకు తీసుకోలేదని విలేకరులు నిలదీస్తే, "ఆకలేసింది," అన్నాడు.

మంగళవారం నుంచి మూడు రోజులూ శశికళ పొద్దున్నే లేచి, నిద్రపోతున్న కొడుకు పక్కన కూర్చుని ఒక్కొక్కటీ గుప్పెట్లో బిగించింది. హర్షిత్ తిన్నాడు, తిరిగాడు, కాలేజీ ఫ్రెండ్స్‌తో ఫోన్‌లో కబుర్లు చెప్పాడు. గడ్డం మాత్రం పెరగలేదు. కేక్ తెస్తానన్న ఉదయ్‌ని ఆమె కసిరి కూర్చోబెట్టింది. జనవరి ఒకటి రానూ వచ్చింది, వెళ్లనూ వెళ్లింది. రెండో తారీఖు పొద్దున లాయర్ దగ్గర్నుంచి మెయిల్: నిన్నటికి మీవాడికి ఇరవయ్యే, ఫైల్ చేస్తున్నాను.

ఉదయ్ ఆ మెయిల్‌ని పైకి నాలుగుసార్లు చదివాడు. అంతలో బాత్రూమ్‌లోంచి హర్షిత్ ట్రిమ్మర్ చప్పుడు వినిపించింది. శశికళ స్టవ్ కట్టేసి, మిక్సీ పక్కనే గట్టుకి ఆనుకుని భోరుమంది.

కళ్లు తుడుచుకుని భీమశంకరం గారికి ఫోన్ చేసింది. "బాబాయ్ గారూ, వాడికి ఇవాళ నిండిందండీ."

అవతల ఏదో మూత తెరిచిన చప్పుడు, నీళ్లు పడుతున్న చప్పుడు.

"సరేనమ్మా," అన్నారాయన. "జెర్సీ వాషర్‌లో వేసేస్తున్నాను."