చెవుల్లో దూది

సానరాయికి ఆనించగానే కత్తెర కీచుమంది. నిప్పురవ్వలు ఎగిరి అతని ముంజేతి మీద పడ్డాయి. ఆ చేతి మీద వెంట్రుకలు కాలిపోయి ఏళ్ళయింది. అతను పట్టించుకోలేదు. రెండు చెవుల్లోనూ దూది ఉంది. అది పెట్టుకోకుండా మోటారు మీట మీద చెయ్యి వెయ్యడు. కత్తెర మొనను గోటికి ఆనించి చూసుకుని తల పైకెత్తేసరికి, ఎదురుగా సెలూన్ యజమాని పెదాలు కదుపుతున్నాడు. అతను మోటారు ఆపి ఒక చెవిలో దూది తీశాడు.

"పొద్దున్నుంచీ షాపులో మీ అమ్మాయి పాటలే బాబాయ్. ఆ లైవ్ ఆల్బమ్ ఇవాళే వచ్చిందిగా. చివర్లో మీరు కూడా ఉన్నారు."

"నేనా? నేనెందుకుంటాను?"

"మీరే వినండి," అన్నాడు సెలూన్ యజమాని, కత్తెర పదును చూస్తున్నట్టు తల దించుకుని. పావుగంట కబుర్లు చెప్పందే కదలని మనిషి, ఆ ఒక్క మాట అనేసి వెళ్ళిపోయాడు.

పోయినేడు ఆ పాటలు రికార్డు చేసిన కచేరీకి అతనొక్కడే వెళ్ళాడు. భార్యకు మోకాళ్ళ నొప్పులు. కూతురు ముందు వరసలో కుర్చీ వేయించింది. జనం ఆమెను పిడుగు అని పిలుస్తారని విని కాస్త గర్వపడ్డాడు కూడా. తీరా చూస్తే చిరుగుల ప్యాంటు, చెమటకి ముఖానికి అంటుకుపోయిన జుట్టు, గొంతు చించుకుని అరుపులు. నలుగురిలో తల కొట్టేసినట్టయింది. జేబులో దూది తీసి చెవుల్లో కుక్కుకున్నాడు. రోజంతా కత్తెరలు చెవి పక్కనే అరుస్తుంటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునే పెద్దమనిషి, కన్నకూతురు అరిస్తే భరించలేకపోయాడు! మధ్యలో లేచి బయటికి నడిచాడు. అన్ని లైట్ల మధ్య నుంచి తను ఆమెకు కనబడి ఉండడనుకున్నాడు.

చివరిదాకా ఉన్నానని, చివరి పాట అదిరిపోయిందని ఇంట్లో కోతలు కోశాడు. మర్నాడు కూతురు ఫోన్ చేస్తే ఆమెకూ అదే చెప్పాడు.

"అవునా నాన్నా. మంచిది," అంది.

ఆ నెల తిరక్కుండానే విషజ్వరం వచ్చి కూతురు చనిపోయింది. అబద్ధం అలాగే ఉండిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య ఆ ఆల్బమ్ సీడీ ముందు పెట్టుకుని కూర్చుంది.

"మీరొచ్చాక విందామని ఆగాను."

"తలనొప్పిగా ఉందే. రేపు విందాంలే."

"దాని గొంతు విని ఎన్నాళ్ళయిందండీ."

అతను కుర్చీలో కూలబడ్డాడు. పనిలో పెట్టుకున్న దూది మాత్రం ఇంకా చెవుల్లోంచి తియ్యలేదు. భార్య దగ్గరికొచ్చి, తన వేళ్ళతో రెండూ తీసి బల్ల మీద పెట్టి, సీడీ వేసింది. పాటలు ఒక్కొక్కటే అయిపోతున్నాయి. ఒకచోట పాట ఆగి, ఆయాసపడుతూ కూతురి గొంతు వినిపించింది.

"నాన్నా, వెళ్ళిపోతున్నావా? ఇంకొక్కటే ఉంది. అది నీ పాట."

జనం గొల్లున నవ్వారు. తర్వాత హాలు హాలంతా "నాన్నా, నాన్నా" అని పిలిచింది. ఇంతమంది పిలిచారా తనని? దూరంగా తలుపు మూసుకున్న చప్పుడయింది.

"పోనివ్వండి. ఆయనకి పొద్దున్నే పనుంటుంది. నన్ను పెంచింది ఆ పనే," అంది కూతురు. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

సిగ్గుతో అతను కుంచించుకుపోయాడు. భార్యతో ఏదో చెప్పాలనుకున్నాడు. ఆమె మోకాళ్ళ మీద చేతులాన్చి మెల్లగా లేచింది.

"మీరు చెప్పిన ఆ చివరి పాట ఇప్పుడైనా వినండి," అని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

పాట గిటారు కీచుతో మొదలైంది. అచ్చం సానరాయి కీచు. కూతురి గొంతు దానితో పోటీపడి పైకి లేచింది. చిన్నప్పుడు షాపు గుమ్మంలో కూర్చుని ఆ చప్పుడును ఇలాగే అనుకరించేది. నోర్ముయ్యమని కసిరేవాడు. ఇప్పుడు అతను కదల్లేదు. చివరి చప్పట్లు సద్దుమణిగేదాకా కూర్చున్నాడు.

బల్ల మీద, సీడీ కవరు పక్కన, ఇనుప పొడికి నల్లబడిన రెండు దూది ఉండలు ఉన్నాయి.