రెండు ముక్కలు రాయండి సార్

హజరత్తయ్యకు పద్దెనిమిది వందల నలభై రెండు మంది తెలుసు. ఈ లెక్క ఆయన వేసింది కాదు, ఉద్యోగాల వాళ్లు ఫోనులో పరిచయాలు పెంచుకునే లింక్డిన్ వేసి చూపిస్తున్నది. థాయిలాండు నుంచి తల్లి రొయ్యలు పంపేవాడు, భీమవరంలో మేత కంపెనీ మేనేజరు, ముఖమైనా చూడని వియత్నాం ప్రొఫెసరు, అందరూ అందులో ఉన్నారు. ఇంతమందిలో ఒక్కడంటే ఒక్కడు మైపాడులో ఆయన అద్దెకున్న గది గడప తొక్కిన పాపాన పోలేదు. ఆ గదిలో కుర్చీ ఒకటే. రెండో కుర్చీ అవసరం ఎన్నడూ పడలేదు.

ఇంటావిడ ముసలమ్మకు ఈ వ్యవహారం వింతగా ఉండేది. ఆమె రోజూ పొద్దున్నే పడవల దగ్గర వేలంలో చేపలు పాడుకుని, తట్టతో ఆటో ఎక్కి ఊళ్లకు పోయే మనిషి. వీధిలోకి అడుగు పెడితే పలకరింపులకే అరగంట పట్టేది.

"ఏందబ్బయ్యా, పొద్దస్తమానం ఆ ఫోను గీకుతా ఉంటావు. ఎవురితో మాట్లాడతావు?" అని ఒకరోజు అడిగింది.

"తెలిసినోళ్లవ్వా. మా లైన్లో వాళ్లు."

"ఎంతమందేంది?"

హజరత్తయ్య కొంచెం గొప్పగానే చెప్పాడు. ముసలమ్మ తట్ట సర్దుకుంటూ, "అంతమందుండి, మొన్న నీకు జొరమొస్తే గంజి నేను కాచి పోస్తినే" అంది.

ఆయనకు ఒళ్లు మండింది. ఆమె అబద్ధం చెప్పి ఉంటే మండేది కాదు.

సంగం దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టి ఉప్పునీళ్ల పనిలో పడ్డ మనిషి హజరత్తయ్య. రొయ్యల హేచరీలో టెక్నీషియను. హేచరీ అంటే రొయ్య పిల్లల్ని పుట్టించి, చెరువులు వేసే రైతులకు సీడుగా అమ్మే చోటు. అక్కడ రోగమనే మాట వింటేనే హడలు. సీజను మొదలైతే లోపలివాళ్లు గేటు దాటకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. వచ్చిన మనిషి మందు నీళ్లలో కాళ్లు ముంచాలి. పక్క హేచరీ మనిషైతే ముంచినా రానివ్వరు. ఆ పద్ధతిలో ఇరవై ఏళ్లు గడిచాయి. పెళ్లి సంబంధం వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక ట్యాంకులో గుడ్లు పగిలే రోజే అయ్యేది. చూసి చూసి సంబంధాలే రావడం మానేశాయి. గోడల మధ్య కూర్చున్న మనిషి ఫోనులో మనుషుల్ని పోగేసుకున్నాడు. ఆయన్ని తప్పు పట్టడానికి నాకైతే నోరు రాదు.

ఈ వేసవిలో ఆ గోడలు కూడా పోయాయి. తల్లి రొయ్యలకు రోగం తగిలింది. ఈ సీడు అమ్మొద్దని హజరత్తయ్య ఓనరుకు చెప్పాడు. తోటి టెక్నీషియను కిషోర్ పక్కనే నిలబడి విన్నాడు. ఓనరు అమ్మాడు. నెల తిరక్కుండా రైతుల చెరువుల్లో పిల్లలు చచ్చి తేలాయి. ఓనరు గేటుకు తాళం వేసి, టెక్నీషియనుకు పని రాకనే ఇదంతా అయిందని తీరం పొడుగునా చెప్పుకుంటూ పోయాడు. కిషోర్‌కు వేరే హేచరీలో మేనేజరు పని దొరికింది. హజరత్తయ్యకు ఐదు నెలలైనా పిలుపు లేదు.

అట్లాంటప్పుడు ఒక సోమవారం గుజరాత్ కంపెనీ ఒకటి లింక్డిన్‌లో మెసేజి పెట్టింది. మీ అనుభవం మాకు నచ్చింది, కానీ మీ గురించి ఒక మాట మా చెవిన పడింది, మీతో పనిచేసిన ముగ్గురు మీ పని గురించి మీ పేజీలో రాస్తే ఈ సీజనుకే తీసుకుంటాం, శనివారం దాకా చూస్తాం అని దాని సారాంశం.

ముగ్గురేనా అని హజరత్తయ్య నవ్వుకున్నాడు. ఇన్నేళ్లలో తానే ముప్పైమందికి అట్లాంటి మాటలు రాసిపెట్టాడు. మేనేజర్లకు, మేత కంపెనీల వాళ్లకు, మందుల డీలర్లకు, ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొస్తారనుకున్న ప్రతివాడికీ. ఆ ముప్పైమందికీ ఇప్పుడు మెసేజి పెట్టాడు. నా గురించి రెండు ముక్కలు రాయండి అని.

గంటలోపే జవాబులు మొదలయ్యాయి. షూర్ సార్. షూర్. ఒకరు బొటనవేలి బొమ్మ పెట్టారు. సాయంత్రానికి పంతొమ్మిది మంది షూర్ అన్నారు. హజరత్తయ్య బజారుకు పోయి పావుకిలో మైసూరుపాకు తెచ్చి ముసలమ్మ చేతిలో పెట్టి, గుజరాత్ పోతున్నానవ్వా అన్నాడు.

మంగళవారం ఒక్కరూ రాయలేదు. బుధవారం పొద్దున ఫోను ఆగకుండా మోగింది. ఆత్రంగా తెరిచాడు. మూతపడ్డ హేచరీలో ఆయన చేరి ఆరేళ్లు నిండాయని లింక్డిన్ ఊరందరికీ చాటిందట. అరవై ముగ్గురు అభినందనలు పంపారు. పని పోయిన సంగతి పేజీలో రాయడానికి మనసొప్పక ఆయనే వదిలేశాడు. షూర్ అన్న పంతొమ్మిది మందిలో పదకొండు మంది ఆ అరవై ముగ్గురిలో ఉన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక, మధ్యాహ్నం దాకా మంచం మీద ఉత్తినే కూర్చున్నాడు.

గురువారం రెండు బస్సులూ ఒక ఆటో మారి కిషోర్ హేచరీకి పోయాడు. షూర్ అని అందరికంటే ముందు జవాబిచ్చింది కిషోరే. గేటు దగ్గర వాచ్‌మన్ ఏ హేచరీ మనిషివని అడిగి, పేరు వినగానే వేసున్న గడియను ఇంకోసారి లాగి చూసుకున్నాడు. కాసేపటికి కిషోర్ వచ్చి గేటుకు అవతల, పది అడుగుల దూరంలో నిలబడ్డాడు.

"బాగుండావా అన్నా."

"ఉండాను. ఇంకా రాయలేదేం కిషోరూ? ఎల్లుండితో అయిపోతది."

కిషోర్ తన రబ్బరు బూట్ల వైపు చూసుకున్నాడు.

"సీడు అమ్మొద్దని నేను చెప్పినప్పుడు నువ్వు పక్కనుంటివి గదా" అన్నాడు హజరత్తయ్య.

"ఉంటినన్నా. నువ్వు చెప్పింది నిజం. పని తెలిసినోడంటే ఈ ఒడ్డున నువ్వే. ఇంట్లో కూడా అదే చెప్పినా."

"ఆ మాటే రాయి."

"ఇక్కడ ఎన్నిసార్లన్నా చెప్తా. అక్కడ రాస్తే అందురూ చూస్తారు. మా ఓనరు రోజూ చూస్తాడు. రోగమొచ్చిన హేచరీ మనిషితో నీకేం పనంటే, నేనేం చెప్పేది?"

"మరి షూర్ అంటివే."

"నేను అనలేదన్నా. ఎవురన్నా మెసేజి పెడితే కింద ఫోనే మూడు జవాబులు చూపిస్తది. ట్యాంకుల కాడ పనిలో ఉండి, దాని మీద వేలు పెట్టేసినా."

కిషోర్ చెడ్డవాడేమీ కాదు. ఎండన పడి వచ్చిన మనిషిని ఊరికే పంపడం ఇష్టంలేక టీ తెప్పించాడు. గ్లాసు గేటు కింది సందులోంచి జరిపారు. హజరత్తయ్య నిలబడే తాగి తిరిగి ఇవ్వబోతే, "లోపలికొద్దు, ఆడే పెట్టిపో" అన్నాడు వాచ్‌మన్.

శుక్రవారం మధ్యాహ్నం గదిలో కూర్చుని, ఇంకెవరిని అడగొచ్చా అని మెసేజీలన్నీ ఒకటొకటిగా కిందికి జరిపాడు. ఈ ఏడాదివి అయిపోయాయి. నిరుడువి అయిపోయాయి. నాలుగేళ్ల కిందటి చోట వేలు ఆగింది.

'సార్, నేను సామ్రాజ్యం. సీడు లెక్క టేబుల్ కాడ చేసినా. ల్యాబ్ అసిస్టెంటు పనికి అర్జీ పెట్టుకున్నా. పనిచేసినోళ్లు ముగ్గురు రాయాలంట. మీరు రెండు ముక్కలు రాయండి సార్.'

దాని కింద హజరత్తయ్య పేరుతో జవాబు ఉంది. షూర్, పక్కన బొటనవేలి బొమ్మ. వారం తర్వాత ఆమె మళ్లీ రాసింది. 'సార్, రేపే ఆఖరు.' ఆ తర్వాత ఏమీ లేదు.

మరిచిపోయాడని చెబితే ఆయనకూ మనకూ హాయిగా ఉండేది. మరిచిపోలేదు. సామ్రాజ్యం తెల్ల బేసిన్ ముందు కూర్చుని, కనురెప్ప వెంట్రుకంత కూడా లేని పిల్లల్ని చెంచాతో తీసి రెండు వేలు లెక్కపెట్టేది. ఒకసారి ఆమె లెక్కకూ ఆయన లెక్కకూ ఆరు తేడా వచ్చింది. ఆయన పంతం పట్టి మళ్లీ లెక్కపెట్టాడు. తప్పింది ఆయన లెక్కే. అంత పని తెలిసిన మనిషి అడిగితే రాయకపోవడానికి కారణం ఒక్కటే. చెంచాతో సీడు లెక్కపెట్టే మనిషి గురించి రాస్తే, తన పేజీ చూసే పెద్దవాళ్లు ఏమనుకుంటారోనని వెనకాడాడు. నాలుగేళ్లకు ఇప్పుడు సిగ్గేసింది.

'సామ్రాజ్యం, నేను హజరత్తయ్యను. ఆ ల్యాబ్ పని వచ్చిందా?' అని రాశాడు.

పది నిమిషాలకు జవాబు వచ్చింది.

'బాగుండారా సార్. ఆ పని రాలేదు. ముగ్గురు కావాలన్నారు, ఇద్దరు దొరికినారు. ఇప్పుడు సూళ్లూరుపేటలో బట్టల షాపులో ఉండా. మీకు ఆరేళ్లయిందని మొన్న చూసి సంతోషపడినా సార్.'

హజరత్తయ్య ఆ మెసేజిని చాలాసార్లు చదివాడు. ప్రతిసారీ ఇద్దరు దొరికినారు అన్న మాట దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. పని పోయిందని రాశాడు. హేచరీ మూతపడింది, ముగ్గురు రాయాలని గుజరాత్ కంపెనీ అడిగింది, ఒక్కరూ రాయలేదు అని రాశాడు. ఇన్ని నెలల్లో ఒకరికి నిజం చెప్పడం అదే మొదలు. ఆమెను రాయమని మాత్రం అడగలేదు. ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు?

'నేను రాయొచ్చా సార్? బట్టల షాపు మనిషి రాస్తే పనికొస్తదో లేదో' అని అడిగింది సామ్రాజ్యం.

ఆ ప్రశ్న కింద ఫోను మూడు జవాబులు వరసగా పేర్చి చూపించింది. షూర్. థాంక్యూ. బొటనవేలు. హజరత్తయ్య వేలు వాటిదాకా పోయి వెనక్కి వచ్చింది. ముందు ఆమె పేజీ తెరిచి, ఒక్కో అక్షరమే కొడుతూ రాయసాగాడు. 'సామ్రాజ్యం నాతో రెండేళ్లు పనిచేసింది. లెక్కలో ఒకసారి నాదే తప్పని తేలింది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.' ఇంకా రాశాడు. ముప్పైమందికి రాసినప్పుడు ఒక్కొక్కరికి నిమిషం పట్టలేదు. దీనికి సాయంత్రమైంది. బట్టల షాపులో ఉన్న మనిషికి ఇది ఇప్పుడు ఎందుకూ కొరగాదని ఆయనకు తెలుసు. అది పెట్టాకే ఆమెకు 'రాయమ్మా' అని జవాబిచ్చాడు.

శనివారం పొద్దున ఆయన పేజీలో కూడా ఒక మాట పడింది. 'ఈ సారు లెక్క తప్పితే మళ్లీ లెక్కపెట్టేవాడు. సీడు బాగలేకపోతే బాగలేదని ఓనరు ముఖానే చెప్పేవాడు. సామ్రాజ్యం, బట్టల షాపు, సూళ్లూరుపేట.' సాయంత్రం దాకా దాని కింద ఇంకో మాట చేరలేదు. గుజరాత్ నుంచీ ఏ కబురూ రాలేదు.

ముసలమ్మ ఊళ్లు తిరిగి వచ్చి ఖాళీ తట్ట అరుగు మీద బోర్లించింది. "ఎప్పుడబ్బయ్యా గుజరాత్ పోయేది?" అని అడిగింది.

"పోయేది లేదులే అవ్వా. ముగ్గురు కావాలన్నారు, ఒకరే దొరికినారు."

"ఆ ఒక్కరన్నా ఎవురు?"

"తనకు రాయమని నన్ను అడిగితే, రాయకుండా నేను ఎగ్గొట్టిన మనిషవ్వా" అన్నాడు హజరత్తయ్య.