పచ్చి ఉలవపిండి

పురుగు ఆకలి కూడా దేవుడే వింటాడా అన్న అనుమానం హెప్సిబాకి ఏళ్ల తరబడి ఉంది. మినుము చేను లద్దెపురుగు పాలైన ఏడాది మొదలైందది. తిండి కోసం తను మోకాళ్ల మీద ఉండి అడిగింది. పురుగూ అడిగే ఉంటుంది. ఎవరి మాట చెల్లిందో చేలో మిగిలిన ఈనెలే చెప్పాయి. పాస్టరుగారిని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఆ ఏడాదే కొట్టు రుక్మిణమ్మగారి దగ్గర కుంచెడు ఉలవలు బదులు తెచ్చుకుంది. అవి తినేశారు గానీ బదులు తీరలేదు.

ఇప్పుడు అదే పురుగు ఇంటి వసారాలో, ప్లాస్టిక్ డబ్బాల్లో పెరుగుతోంది. కూతురు బ్లెస్సీ హైదరాబాదులో రీసెర్చ్ చేస్తోంది. ల్యాబ్‌లో పురుగులన్నీ తెగులొచ్చి చస్తే, పెదపాడు వచ్చి తండ్రి సాల్మన్ చేలోనే ఏరుకుంది. ఈసారి ఫలితం చూపించకపోతే ఫెలోషిప్ ఆగిపోతుందని గైడు తేల్చి చెప్పేశాడు.

"ఉలవలు పురుక్కి తిండి అరగనివ్వవమ్మా. పొట్టలో అరిగించే ఎంజైముల్ని కట్టేస్తాయి. కొన్ని పురుగులు మాత్రం వేరే ఎంజైముల జన్యువుల్ని నిద్రలేపి బతికేస్తాయి. ఆ జన్యువులేవో నేను పట్టుకోవాలి."

"పట్టుకుంటే చేను దక్కుద్దా?"

"ఎప్పటికో."

ఒక డబ్బాకి ఉడికించిన శనగపిండి ముద్ద. రెండో డబ్బాకి అదే ముద్ద చల్లారాక ఉలవపిండి కలిపి పెట్టాలి. పిండి చేసే పని హెప్సిబా తీసుకుంది.

తీరా చూస్తే రెండు డబ్బాల్లోనూ పురుగులు ఒకేలా బలిశాయి. బ్లెస్సీ వసారా మెట్టు మీద కూలబడింది. "ఏ తేడా లేదమ్మా. నా చదువు ఇక్కడితో సరి."

పిల్ల అన్నం ముట్టలేదు. చారైనా తాగుతుందని హెప్సిబా మూకుడులో ఉలవలు పోసి వేయించసాగింది. కమ్మటి వాసన లేచేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

"బ్లెస్సీ, పిండికి కూడా ఇలాగే దోరగా వేయించానే."

"వేయించావా! వేడి తగిలితే ఆ గుణం పోతుందమ్మా. ఎందుకు వేయించావు?"

"పచ్చివి కడుపులో నొప్పి చేస్తాయి కదా..."

"పురుక్కి కడుపునొప్పి వస్తుందనా?" బ్లెస్సీ నవ్వబోయి ఏడ్చేసింది.

ఆలస్యంగా గుడ్లలోంచి వచ్చిన చిన్న పురుగులు ఇంకో డబ్బాలో కాసిని ఉన్నాయి. అవే ఆఖరు. ఇంట్లో ఉలవలన్నీ మూకుట్లోకి పోయాయి. హెప్సిబా తల వంచుకుని కొట్టుకి వెళ్లింది.

"పాత కుంచం తీరకుండానే మళ్లీనా హెప్సిబా?"

"మాక్కాదండీ రుక్మిణమ్మగారూ, పురుగులకండీ."

"పురుగు పట్టకుండా ఉండాలని ఇన్నేళ్లు డబ్బాలు ఎండబెట్టాను. ఇప్పుడు దానికే సరుకివ్వమంటావు!" అంటూనే ఆవిడ దోసిళ్లతో సంచిలో పోసింది. "ఇవి నీ లెక్కలో రాయన్లే. పురుగునేం అడుగుతాను?"

పచ్చి పిండి తిన్న పురుగులు ముడుచుకుపోయాయి. ఒక్కొక్కటే నల్లబడి రాలుతుంటే బ్లెస్సీ ముఖం చూడలేకపోయింది హెప్సిబా. డబ్బా ముందు మోకరించింది. "ప్రభువా, వీటిలో కొన్నింటినైనా బతికించు." మాట బయటికొచ్చాక గాని, తన చేను తిన్నదాని కోసం అడుగుతున్నానని తట్టలేదు. వెనక్కి తీసుకోలేదు.

కొన్ని తల ఎత్తాయి. ముద్ద అంచు కొరికాయి.

వాటి పేగుల్ని బ్లెస్సీ సన్నటి గొట్టాల్లో పెట్టి, ఐసు డబ్బాతో ఏలూరులో రైలెక్కింది. కొన్ని వారాలకి ఫోను చేసింది. "జన్యువులు లేచాయమ్మా! ఫెలోషిప్ ఆపట్లేదు."

ఆ పూట సాల్మన్ చేలోనే ఉన్నాడు. మినుముని ఈ ఏడూ పురుగు తినేసింది. తనదీ పురుగుదీ ఇద్దరి ఆకలీ దేవుడు విన్నాడో, ఎవరిదీ వినలేదో హెప్సిబాకి తేలలేదు. కూతురికి చేను మాట చెప్పకుండా ఫోను పెట్టేసింది.

సంచి అడుగున మిగిలిన పచ్చి ఉలవల్ని మెరక గట్టు మీద చల్లింది. లద్దెపురుగు అటూ పాకింది గానీ, కాయలు కొన్ని వదిలింది. అవి ఎండాక కొట్టి, చెరిగి, మూట కట్టుకుని కొట్టుకి వెళ్లింది.

రుక్మిణమ్మగారు తన కుంచమే తెచ్చి కింద పెట్టింది. హెప్సిబా పోసింది. గింజలు అంచు దాటి గోపురంలా నిలిచాయి. ఆవిడ అరచేత్తో కుంచం అంచుకి తలకొట్టి చదును చేసి, పైకి వచ్చిన గుప్పెడూ హెప్సిబా కొంగులో పోసింది.

"చెల్లిపోయిందమ్మా," అంది.