లేని పేరు చదివినందుకు

తమిళనాడు గుడియాత్తంలో షాపులకు షట్టర్లు చేసే అంకప్పకు తెలుగు మాట్లాడడం వచ్చు, తమిళం చదవడం వచ్చు, ఇంగ్లీషు మాత్రం బొత్తిగా రాదు. ఆ సంగతి హేమమాలినికి తెలుసు. అందుకే అంత సులువుగా అబద్ధమాడగలిగింది.

ఆమె వేలూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్. పొడవాటి ఉక్కు రేకును కాయిల్‌గా చుట్టేటప్పుడు లోహంలో మిగిలిపోయే ఒత్తిడి మీద పరిశోధన చేస్తోంది. ఆ ఒత్తిడి వల్ల కాయిల్ విప్పాక కూడా లోపలి చుట్ల రేకు వంగే ఉంటుంది. ఎన్నో చుట్టు దాకా వంగి ఉంటుందో ముందే లెక్కగట్టాలి. ఆమె కంప్యూటర్ నూట యాభై అంది. నమ్మకం చాలక, ఒకరోజు బస్సెక్కి, రోజూ అలాంటి కాయిళ్లు విప్పే అంకప్ప షెడ్డుకు వచ్చింది.

"నూట యాభైయా? నీకెవరు చెప్పినారమ్మా?" అని నవ్వాడు అంకప్ప. "లోపలి నుంచి రెండు వందలు దాటినా వంకర పోదు, మిషన్లో ఇరుక్కుంటాది. చుట్టేటప్పుడు ఎంత బిగువుగా లాగుతారో అంత దూరం వంకర ఉండాది. నువ్వే చూడు."

పది చుట్లకొకసారి మూరెడు ముక్క కోసి, బల్ల మీద పెట్టి, ఎంత లేచిందో కొలిచి, సుద్దముక్కతో గోడ మీద రాసుకుంటూ వచ్చాడాయన. పన్నెండేళ్ల అంకెలు. హేమమాలిని గోడంతా ఫోటోలు తీసుకుంది. ఆయన భార్య గోమతి వడ్డించిన అన్నం తిని వెళ్లింది.

లాగే బిగువును కలిపి చూస్తే లెక్క కుదిరింది. వ్యాసం రాసేటప్పుడు అంకప్ప పేరు టైపు చేసింది కూడా. షెడ్డు గోడ మీది సుద్దగీతలంటే పరిశోధన పత్రికవాళ్లు నవ్వుతారేమోనని ఆ పేరు తీసేసి, 'స్థానికంగా సేకరించిన కొలతలు' అని రాసింది.

అచ్చయిన కాగితాలు తీసుకుని వెళ్లినప్పుడు అంకప్ప చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చాడు.

"నా పేరు యాడ ఉండాదమ్మా?"

గోమతి కూడా వచ్చి నిలబడింది. హేమమాలిని వేలు ఒక వరుస మీద ఆగింది. "ఇదోన్నా. గుడియాత్తం అంకప్పకు కృతజ్ఞతలు అని ఉండాది" అంది.

నెల తర్వాత మళ్లీ వెళితే, ఆ కాగితం వినాయకుడి పటం పక్కన ఫ్రేములో వేలాడుతోంది. ఆ వరుస కింద ఎర్ర గీత. ఎవరో గిరాకీకి ఆయన దాన్ని చూపిస్తున్నాడు. గిరాకీ వెళ్లేదాకా ఆగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

అంకప్ప ఎర్ర గీత వైపు వేలు చూపించాడు.

"అయితే ఆడ ఎవరి పేరు ఉండాది?"

"మా కాలేజీకి కొలిచే మిషన్ ఇచ్చిన కంపెనీది."

"మిషన్‌కు ఉండాది" అన్నాడు. స్టూలెక్కి ఫ్రేము దించాడు. "మందులషాపు లోగనాథన్‌కు గూడా చూపిస్తి. ఇంగ్లీషు చదివినాయన. చూసి, బాగుండాది అన్యాడు. అంతే."

లోగనాథన్ అన్నీ చదివి, ఈయన మొహం చూసి ఊరుకున్నాడన్నమాట. ఆ మాట ఆమెను తిట్టుకన్నా ఎక్కువగా కోసింది. బస్సులో వేలూరు దాకా తలెత్తలేదు.

ఆ వారమే పత్రికకు సవరణ రాసి పంపింది. పరువు తీశావని డిపార్టుమెంటు హెడ్ మందలించాడు. నాలుగు నెలలకు సవరణ అచ్చయింది. కొలిచే పద్ధతి, కొలతలు రెండూ అంకప్పవేనని.

ఆ కాగితం షెడ్డుకు తెచ్చి ఇవ్వబోతే అంకప్ప అందుకోలేదు. "లోగనాథన్‌ను పిల్చుకోని రా" అన్నాడు గోమతితో.

లోగనాథన్ వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. అంతసేపూ హేమమాలిని గుమ్మం దగ్గరే నిలబడింది, పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డట్టు.

"ఉండాదా?"

"రెండు తావుల ఉండాది అంకప్పా. నిజంగానే ఉండాది."

అంకప్ప తలూపాడు. ఆమె మొహం చూడకుండానే స్టూలు ఆమె వైపు జరిపాడు.

"కూచోండి మేడం" అన్నాడు.

అంతవరకు ఎప్పుడూ ఆయన ఆమెను అమ్మా, నువ్వు అనడమే తప్ప మీరు అనలేదు.