చీటీలో వచ్చిన పేరు

రెండో దెబ్బకే అనసూయ మణికట్టులో ఎముక విరిగింది. సెల్లారు మెట్ల మీద నిలబడ్డ కోటేశ్వరమ్మకు ఆ చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఎండుపుల్ల విరిచినట్టు, అంతే. తర్వాతి దెబ్బ భుజం మీద, ఆ పైది చెవి మీద పడింది. చీరలు కొలిచే ఇనుప మీటరు బద్ద అది.

"కూసుంటవా? చీరల మూట మీద కూసుంటవా? నీ అయ్య సొమ్మనుకున్నవా?" దెబ్బకో మాట చొప్పున అడుగుతున్నాడు మేనేజర్ ప్రహ్లాద్.

"నడుం పట్టింది సార్... జర సేపే... కొట్టకున్రి సార్, మీ కాల్మొక్కుత!"

ఆబిడ్స్‌లో మూడంతస్తుల బట్టల దుకాణం అది. పైనంతా అద్దాలు, తెల్లటి పరుపులు, చల్లగాలి. కింద సెల్లారులో మూటలెత్తేవాళ్లు, ఫాల్స్ కుట్టేవాళ్లు, చీరలు మడతపెట్టేవాళ్లు. పొద్దున వచ్చిన మనిషి అన్నం వేళ దాకా కూర్చోకూడదని అక్కడి ఆచారం. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పగలిగినవాడు లేడు గానీ, దానికోసం ఎముకలు విరగ్గొట్టేంత భక్తి మాత్రం ప్రహ్లాద్‌కి ఉంది. నెలకు పదకొండు వేలు పారేసి మనిషి మోకాళ్లు కూడా కొనేశామనుకునే రకం.

కోటేశ్వరమ్మ కిందికి దిగలేదు. పైన కౌంటరులో చీరలు చూపించే మనిషి, పట్టుచీరలు తెమ్మని పంపితే వచ్చింది. మెట్ల మీది నుంచే చేతులు చాచి, మూటలెత్తే మొగులయ్య అందించినవి తీసుకుని వెనక్కి తిరిగింది. ఏం చేస్తుంది మరి? తాతల కాలంలో గుంటూరు నుంచి వచ్చి గౌలిగూడలో స్థిరపడ్డ కుటుంబం. మొగుడు పోయినప్పటి నుంచీ ఈ జీతమే ఇంటి కిరాయి, ఈ జీతమే అన్నం. పైకి రాగానే బేరానికి కూర్చున్నవాళ్లను చూసి నవ్వింది. నవ్వు కూడా ఆ జీతంలోదే.

కాసేపటికి హైందవి వచ్చింది. యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం మీద పరిశోధన చేసే పిల్ల. దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసేవాళ్ల మనసులు ఎలా ఉన్నాయో కనుక్కుంటోంది. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా ఉన్న దుకాణాలకు చీటీలు వేస్తే, వచ్చిన వాటిలో ఇదొకటట. దుకాణం యజమాని సేటుకి అదేదో బహుమతిలా తోచి సరేనన్నాడు.

ప్రహ్లాద్ అప్పటికే నలుగురు ఆడపిల్లల్ని పూలు పెట్టి వరసగా నిలబెట్టాడు.

"గీళ్లు మా మంచి స్టాఫ్ మేడమ్. అద్దాల బీరువల మంచి చీరే పెడ్తం గదా! ఏం అడుగుతరో అడుగున్రి."

"మంచివాళ్లని మీరే ఎంచి ఇస్తే ఇక నేను తెలుసుకునేదేముందండీ?" అంది హైందవి. "ఊడ్చేవాళ్ల నుంచి సెల్లారులో మూటలెత్తేవాళ్ల దాకా అందరి పేర్లూ డబ్బాలో పడాలి. ఎవరు వస్తారన్నది మీ చేతిలో ఉండకూడదు, నా చేతిలోనూ ఉండకూడదు. చీటీ వచ్చిన మనిషితోనే మాట్లాడతాను. ఇష్టం లేకపోతే మానుకోవచ్చు, ఆ మాట కూడా వాళ్ల నోటితో వాళ్లే చెప్పాలి. బదులు ఇంకొకరిని మాత్రం కూర్చోబెట్టను."

స్టీలు టిఫిన్ డబ్బాలో చీటీలు వేస్తుంటే దుకాణమంతా తిరునాళ్లయింది. నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో లక్కీ డ్రా చూసిన జనం కదా, ఇదీ అదేననుకున్నారు.

"స్కూటీ ఇస్తరా మేడమ్, ఫ్రిజ్జా?" అన్నాడు మొగులయ్య.

"నీకు స్కూటీ ఎందుకు మామా, నెత్తిమీద పెట్టుకుని మోస్తవా?" అని ఓ పిల్ల అంటే అందరూ గొల్లుమన్నారు.

హైందవి ఒక చీటీ తీసి చదివింది. "అనసూయ."

"మిఠాయి పెట్టియ్యాలె అనసూయక్క!" అంటూ చప్పట్లు కొట్టారు. సెల్లారువాళ్లు కొట్టలేదు. మొగులయ్య నోట్లో నవ్వు అక్కడే ఎండిపోయింది.

"పిలుస్త మేడమ్, మీరు గా గదిల కూసోన్రి," అని ప్రహ్లాద్ ట్రయల్ రూమ్ చూపించాడు. హైందవి అటు తిరగ్గానే, కౌంటరు వెనకున్న కోటేశ్వరమ్మ జబ్బ పట్టి మెట్ల కిందికి ఈడ్చుకుపోయాడు.

సెల్లారు మూలన అనసూయ వాచిన చేతిని ఒళ్లో పెట్టుకుని పడి ఉంది. ప్రహ్లాద్ ఓ పాత లైనింగు గుడ్డ ఉండచుట్టి ఆమె నోట్లో కుక్కాడు. విరిగిన చేతినే పట్టుకుని స్టోరు గదిలోకి తోశాడు. గుడ్డ వెనకాల నుంచి వచ్చిన ఆ మూలుగు మనిషిది అనిపించలేదు. తాళం వేసి, చెవి జేబులో పడేసుకుని, కోటేశ్వరమ్మ తల గోడకేసి ఒక్కటి కొట్టాడు.

"ఇగ నువ్వే అనసూయవి. నాకేం ఫికర్ లేదు, సార్ మంచోడు, అని చెప్పు. తప్పినవో, రేపటి సంది రాకు. గామె చెయ్యి చూసినవ్ గదా?"

ట్రయల్ రూమ్‌లో రెండు స్టూళ్లు. మూసిన తలుపు కింది సందులోంచి ప్రహ్లాద్ బూట్లు కనిపిస్తూనే ఉన్నాయి.

"మీ పేరు?"

"అ... అనసూయ."

"రాత్రిళ్లు నిద్ర పడుతుందా అమ్మా?"

"పడుతుందండి."

"పనిచేసే చోట మీ మీద ఎవరైనా చెయ్యి చేసుకున్నారా?"

లేదండి అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడ ఆగింది. తను లేదంటే తను అన్నట్టు కాదు, అనసూయ అన్నట్టు. ఎముక విరిగి, నోట్లో గుడ్డతో పడున్న మనిషి, నన్నెవరూ కొట్టలేదని చెప్పినట్టు! వాడు చెయ్యి ఒక్కటే విరిచాడు. ఇప్పుడు ఆమె నోరు కూడా తను నొక్కేస్తోంది.

కోటేశ్వరమ్మ లేచి నిలబడింది.

"ఈ చోటు నాది కాదమ్మా. నేను కోటేశ్వరమ్మని. అనసూయ కింద స్టోరు గదిలో ఉంది. చెయ్యి విరగ్గొట్టి, నోట్లో గుడ్డ కుక్కి, తాళం వేశాడు."

తలుపు భళ్లున తెరుచుకుంది. ప్రహ్లాద్ ఆమె జుట్టు పట్టి బయటికి లాగి చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి, తెల్ల పరుపు మీద, పరిచిన తొమ్మిది వేల చీర మీద బోర్లా పడింది. డొక్కలో తన్నాడు. కొనడానికొచ్చిన ఆడవాళ్లు కెవ్వుమన్నారు. హైందవి మధ్యలోకి దూరబోతే తోసేశాడు. ఆ పిల్ల పోలీసులకు ఫోను కలుపుతోంది.

కోటేశ్వరమ్మ కౌంటరు పట్టుకుని లేచింది. చెయ్యి చాచింది.

"తాళంచెవి ఇవ్వు ప్రహ్లాదూ."

ఇన్నేళ్లలో సార్ అనకుండా వాణ్ణి పిలవడం అదే మొదలు.

"నౌకరీ లేదు నీకు! బయటికి నడువ్!"

"సరే, లేదులే. తాళంచెవి ఇవ్వు."

మళ్లీ కొట్టాడు. ఆమె తూలింది గానీ చాచిన చెయ్యి దించలేదు. గడ్డం మీంచి కారిన నెత్తురు ఆ అరచేతిలోనే పడుతోంది. మొగులయ్య నెత్తిమీది మూట నేలకు దించి ముందుకొచ్చాడు. పూలు పెట్టుకున్న పిల్లల్లో ఒకతె కౌంటరు దాటింది. కింద స్టోరు గది తలుపును లోపలి నుంచి ఎవరో కాళ్లతో తంతున్నారు. ప్రహ్లాద్ జేబు మీద చెయ్యి వేసుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

"తాళంచెవి," అంది కోటేశ్వరమ్మ.